సున్నా మీద గీసిన గీత

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊరుంది. ఓడల తయారీకి పేరుపడిన ఊరు. 2017 నవంబరులో అక్కడ రాష్ట్ర శాసనసభ స్థానానికి జరిగిన ఎన్నికలో ఒక ఓటరు బ్యాలెట్ పత్రం మీద రెండు సున్నాలు నింపారు. అభ్యర్థి పేరు పక్కన ఉన్న సున్నాను సిరాతో నింపడమే అక్కడ ఓటు. ఒకటి రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ యాన్సీ పేరు పక్కన ఉన్నది, రెండోది డెమోక్రాట్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్ పేరు పక్కన ఉన్నది. తరువాత సైమండ్స్ సున్నా మీదుగా ఒక అడ్డగీత గీశారు. పత్రాన్ని పెట్టెలో వేసి ఇంటికి వెళ్ళిపోయారు.

మొదటి లెక్కింపులో యాన్సీ పది ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. డిసెంబరు 19న జరిగిన రీకౌంటింగ్‌లో ఆ పది కరిగిపోయి సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచినట్టు తేలింది. ఆమెకు 11,608, ఆయనకు 11,607. రెండు సున్నాల పత్రాన్ని ఆ రోజు లెక్కింపు బల్ల దగ్గర ఎవరికీ చెందని ఓటుగా పక్కన పెట్టారు. రెండు పార్టీల తరఫున కూర్చున్నవారూ అప్పుడు అభ్యంతరం చెప్పలేదు. మర్నాడు ముగ్గురు న్యాయమూర్తుల ముందు రిపబ్లికన్లు ఆ పత్రాన్ని మళ్ళీ తీయించారు. అడ్డగీత అంటే కొట్టివేత అనీ, కనుక అది యాన్సీ ఓటే అనీ వారి వాదన. అదే పత్రంలో గవర్నరు పదవికి పోటీ చేసిన రిపబ్లికన్ అభ్యర్థి సున్నా మీద కూడా గీతలు ఉన్నాయి కదా, మరి అదీ కొట్టివేతేనా అని డెమోక్రాట్లు అడిగారు. న్యాయమూర్తులు ఓటును యాన్సీకి ఇచ్చారు. 11,608, 11,608. 2018 జనవరి 4న ఇద్దరి పేర్లు రాసిన చీటీలను ఫిల్ము డబ్బాల్లో పెట్టి, మ్యూజియం నుంచి తెచ్చిన గిన్నెలో వేసి ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. ఆ ఒక్క చీటీతో సభలో రిపబ్లికన్ల బలం 51, డెమోక్రాట్ల బలం 49 అయింది. లేకపోతే 50, 50గా ఉండేది.

ఈ కథలో అందరి దృష్టీ చీటీ మీదికే పోతుంది. పంచాయతీ ఎన్నికల ఫలితాలు చూసే అలవాటున్న తెలుగు పాఠకులకు మాత్రం చీటీ వింత కాదు. ఓట్లు సమానంగా వస్తే చీటీ తీసి, వచ్చిన పేరుకు ఒక ఓటు కలపాలని మన ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షను కూడా చెబుతోంది. ఆలోచించవలసింది చీటీకి ముందు రోజుల గురించి. ఆ పత్రం మొదటి రోజు చెల్లని ఓటు, రెండో రోజు చెల్లిన ఓటు. రెండు రోజుల మధ్య పత్రం మీద ఏ గీతా మారలేదు. మారింది ఆధిక్యం ఎటువైపు ఉందన్న సమాచారం ఒక్కటే.

ఏ ఎన్నికలోనైనా ఇలాంటి పత్రాలు ఉంటాయి. గడి దాటిన ముద్రలు, సగం నింపిన సున్నాలు, పేరు చుట్టూ గీసిన వలయాలు, సందేహంతో తుడిచి మళ్ళీ రాసిన అంకెలు. మెజారిటీ ఇరవై వేలు ఉన్నచోట వాటివంక ఎవరూ చూడరు, వాటిని కట్టకట్టి సంచిలో వేసేస్తారు. మెజారిటీ రెండంకెలకు దిగిందంటే మాత్రం ఆ సంచిలో ఉన్న ప్రతి మరకకూ ఒక న్యాయవాది దొరుకుతాడు. అప్పుడు వినిపించే మాటలు రెండే రకాలు. వెనకబడిన పక్షం ‘ప్రతి ఓటునూ లెక్కించాలి, ఓటరు ఉద్దేశాన్ని గౌరవించాలి’ అంటుంది. ముందున్న పక్షం ‘నియమం నియమమే, ఆట మధ్యలో గీతలు జరపకూడదు’ అంటుంది. రెండూ మంచి మాటలే. ఆధిక్యం అటు నుంచి ఇటు మారిన రోజున ఈ రెండు పక్షాలూ మాటలు మార్చుకుంటాయి.

ఈ మాటల మార్పిడి అందరికీ బాగా తెలిసింది 2000 నాటి ఫ్లోరిడాలో. అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ జార్జ్ బుష్, డెమోక్రాట్ ఆల్ గోర్‌ల భవితవ్యం ఆ ఒక్క రాష్ట్రం మీద ఆగింది. దాదాపు అరవై లక్షల ఓట్లలో బుష్‌కు వచ్చిన మొదటి ఆధిక్యం 1,784. యంత్రాలతో మళ్ళీ లెక్కిస్తే అది మూడు వందల చిల్లరకు పడిపోయింది. అక్కడి చాలా కౌంటీల్లో, అంటే మన జిల్లాల్లాంటి వాటిలో, ఓటు వేసే పద్ధతి పంచ్ కార్డు. ఓటరు ఒక సన్నని పుల్లతో కార్డు మీద ముందే గాట్లు పెట్టిన చిన్న చతురస్రాన్ని పొడవాలి, ఆ ముక్క ఊడిపడాలి, అక్కడ పడిన చిల్లును యంత్రం చదవాలి. ఆ ముక్కను అక్కడివారు చాడ్ అంటారు. ముక్క పూర్తిగా ఊడకపోతే యంత్రం దృష్టిలో ఆ ఓటరు అధ్యక్ష పదవికి ఓటే వేయలేదు. ఒక మూల పట్టుకుని వేలాడే చాడ్, రెండు మూలల మీద నిలిచిన చాడ్, ఊడకుండా ఉబ్బి ఊరుకున్న ‘గర్భిణి’ చాడ్, సొట్ట మాత్రమే పడిన చాడ్ అంటూ ప్రపంచమంతా కొన్ని వారాలపాటు ఈ కాగితపు ముక్కల శాస్త్రం నేర్చుకుంది. బ్రొవార్డ్ కౌంటీలో ఒక న్యాయమూర్తి భూతద్దం వెనక నుంచి కార్డును చూస్తున్న ఫోటో అన్ని పత్రికల్లోనూ అచ్చయింది.

ఫ్లోరిడా చట్టంలో దీనికి ప్రమాణం ఉంది. ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలిస్తే లెక్కించాలని రాసి ఉంది. స్పష్టంగా అంటే ఎంత స్పష్టంగా అన్నది రాయలేదు. ఆ ఖాళీలోకి కౌంటీలు తమ తమ కొలతలు తెచ్చుకున్నాయి. పామ్ బీచ్ కౌంటీ 1990 నాటి తన మార్గదర్శకంతో మొదలుపెట్టింది. దాని ప్రకారం పూర్తిగా అతుక్కుని ఉన్న చాడ్ ఓటు కాదు. లెక్కింపు సాగుతుండగా దాన్ని వదిలి, కార్డును దీపానికి అడ్డంపెట్టి చూస్తే వెలుతురు కనబడితే చాలన్నారు. మళ్ళీ పాత నియమానికి తిరిగి వచ్చారు. తరువాత ఏ నియమమూ లేకుండా పోయింది, చివరికి సొట్టలను కూడా పరిశీలించాలని కోర్టు చెప్పవలసి వచ్చింది. పక్కపక్క బల్లల మీద ఒకేలాంటి సొట్ట ఒకచోట ఓటు, మరొకచోట కాదు.

డెమోక్రాట్లు సొట్టల్లో ఓటరు ఆత్మను చూశారు. రిపబ్లికన్లు యంత్రం చదివిందే ఓటు, మిగిలింది జోస్యం అన్నారు. ఇంతలో విదేశాల నుంచి పోస్టులో వచ్చిన ఓట్లు లెక్కకు వచ్చాయి. వాటిలో చాలావరకు సైనికులవి, కొన్నింటి మీద తపాలా ముద్ర లేదు. నియమం ప్రకారం ముద్ర ఉండాలి. అంతవరకు అక్షరం దాటనివ్వని రిపబ్లికన్లు దేశం కోసం పోరాడే సైనికుడి ఓటును ఒక ముద్ర కోసం పారేస్తారా అని గర్జించారు. ప్రతి ఓటూ లెక్కించాలన్న డెమోక్రాట్ల న్యాయవాదులు అవే కవర్లకు ఏ ఏ కారణాలతో అభ్యంతరం చెప్పవచ్చో జాబితా రాసి పంపుకున్నారు. చివరికి వారి ఉపాధ్యక్ష అభ్యర్థి జో లీబర్మన్ టీవీలో సైనికుల ఓట్లకు సందేహ లాభం ఇవ్వాలనవలసి వచ్చింది. వారం తిరగకుండా రెండు పార్టీలూ ఒకరి సిద్ధాంతాన్ని మరొకరు తొడుక్కున్నాయి.

యంత్రం ఓటు చదవలేకపోయిన కార్డులన్నింటినీ రాష్ట్రమంతటా చేతితో లెక్కించాలని ఫ్లోరిడా సుప్రీంకోర్టు డిసెంబరు 8న 4-3 తేడాతో ఆదేశించింది. మర్నాడే అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆపేసింది. డిసెంబరు 12న ఇచ్చిన తీర్పులో ఏడుగురు న్యాయమూర్తులు ఒక విషయంలో ఏకీభవించారు. ఒకే రాష్ట్రంలో ఒక్కో చోట ఒక్కో కొలత పెట్టడం ఓటర్లను సమానంగా చూడడం కాదన్నారు. మరి ఒకే కొలత పెట్టి మళ్ళీ లెక్కించమనాలా, ఇంతటితో ఆపేయాలా అన్న దగ్గర 5-4గా చీలిపోయారు. ఆపేయడమే నిలిచింది. ఈ పరిశీలన ఈ కేసు పరిస్థితులకే పరిమితమని తీర్పులోనే రాసుకోవడం న్యాయశాస్త్రంలో అరుదైన సంకోచం. బుష్ 537 ఓట్లతో ఫ్లోరిడాను, దానితోపాటు అధ్యక్ష పదవినీ గెలిచారు.

ఇక్కడి వరకు తెలిసిన కథే. తరువాతి సంవత్సరం జరిగింది అంతగా ప్రచారంలోకి రాలేదు. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా రుచికరమైన భాగం అదే. మయామీ హెరాల్డ్, యూఎస్ఏ టుడే పత్రికలు ఒక లెక్కల సంస్థను పెట్టుకుని, యంత్రాలు వదిలేసిన ఆ కార్డులను రాష్ట్రమంతటా పరిశీలింపజేసి 2001 ఏప్రిల్‌లో ఫలితాలు ప్రకటించాయి. గోర్ పక్షం కోరిన ఉదారమైన కొలత, అంటే సొట్టనూ ఓటుగా లెక్కించే కొలత పెడితే బుష్ మెజారిటీ 1,665కు పెరుగుతుంది. రిపబ్లికన్లు కోరిన కఠినమైన కొలత, అంటే శుభ్రంగా పడిన చిల్లు మాత్రమే ఓటు అన్న కొలత పెడితే గోర్ మూడు ఓట్లతో గెలుస్తారు. నెలకు పైగా, దేశంలోని ఉద్దండ న్యాయవాదులను పెట్టుకుని, రెండు పక్షాలూ తమను ఓడించే కొలత కోసమే పోరాడాయన్నమాట.

అంతకన్నా పెద్ద విడ్డూరం మరొకటి ఉంది. వివాదమంతా గుర్తు సరిగా పడని కార్డుల చుట్టూ తిరిగింది. ఒకటికి మించి గుర్తులు పడి చెల్లకుండా పోయిన పత్రాల గురించి ఎవరూ గట్టిగా అడగలేదు. వాటిలో కొన్నింటి మీద ఓటరు గోర్ పేరు పక్కన సున్నా నింపి, కింద పేరు రాసే ఖాళీలో మళ్ళీ గోర్ అని రాశారు. ఇద్దరికి ఓటు వేశారని యంత్రం ఆ పత్రాన్ని తోసేసింది. ఓటరు ఉద్దేశం అంతకన్నా స్పష్టంగా ఎక్కడుంటుంది? 2001 నవంబరులో కొన్ని పత్రికా సంస్థలు కలిసి చేయించిన మరింత పెద్ద పరిశీలనలో, ఈ రెండు రకాల పత్రాలనూ రాష్ట్రమంతటా లెక్కించి ఉంటే గోర్ స్వల్ప తేడాతో గెలిచి ఉండేవారని తేలింది. ఆయన నిజంగా కోరిన నాలుగు కౌంటీల రీకౌంటింగ్ జరిగి ఉంటే మాత్రం బుష్ గెలుపే నిలిచేది. తనకు బలం ఉన్న చోట్లే వెతకాలనుకోవడం రాజకీయ తెలివి. ఆయనకు పనికివచ్చే ఓట్లు ఇంకెక్కడో ఉన్నాయి.

దీన్నిబట్టి పార్టీలను అబద్ధాలకోరులనడం తేలిక. అసలు చిక్కు అది కాదు. ఓటరు ఉద్దేశం అనేది పత్రం లోపల దాగి ఉన్న వస్తువేమీ కాదు, భూతద్దంతో వెతికి తీయడానికి. ఒక గీతకు అర్థం ఇవ్వాలంటే చూసేవారి దగ్గర ముందే ఒక నియమం ఉండాలి. ఆ నియమం ఎవరు గెలుస్తున్నారో తెలియనప్పుడు రాసిందైతే దానికి న్యాయం అని పేరు పెట్టవచ్చు. తెలిసిన తరువాత రాసిందైతే, రాసినవారు ఎంత నిజాయితీపరులైనా, చూసేవారికి అది బేరంలాగే కనిపిస్తుంది.

మినెసోటాలో 2008లో జరిగిన సెనెట్ ఎన్నిక దీనికి మంచి పరీక్ష. పోటీ రిపబ్లికన్ సిట్టింగ్ సెనెటర్ నార్మ్ కోల్‌మన్‌కూ, హాస్యనటుడిగా పేరు తెచ్చుకుని రాజకీయాల్లోకి వచ్చిన డెమోక్రాట్ అల్ ఫ్రాంకెన్‌కూ మధ్య. దాదాపు 29 లక్షల ఓట్లు పోలయ్యాయి. మొదటి అధికారిక లెక్కలో కోల్‌మన్‌కు 215 ఓట్ల ఆధిక్యం. తేడా అర శాతం కన్నా తక్కువ ఉంటే చేతితో మళ్ళీ లెక్కించాలని రాష్ట్ర చట్టం. పోలింగ్ మర్నాడే కోల్‌మన్ విలేకరులతో మాట్లాడుతూ, తానే ఫ్రాంకెన్ స్థానంలో ఉంటే రీకౌంటింగ్ వదులుకుని తప్పుకునేవాడినన్న అర్థం వచ్చేలా సలహా ఇచ్చారు. రాష్ట్రంలో గాయాలు మానాలట. ఆ సలహా ఆయనకు చాలాకాలం గుర్తుచేయబడింది.

మినెసోటాకు ఉన్న గొప్ప బలం దాని పాత చట్టం. ఓటరు ఉద్దేశం తెలుసుకోగలిగితే సాంకేతిక లోపం పేరుతో పత్రాన్ని తిరస్కరించరాదని ఒక్క మాట రాసి ఊరుకోలేదు. గుర్తు సున్నా పక్కన పడితే ఏం చేయాలి, రెండు గుర్తులు పెట్టి ఒకటి కొట్టేస్తే ఏం చేయాలి, ఓటరు తానెవరో తెలిసేలా కావాలని గుర్తు పెడితే ఏం చేయాలి అన్నవన్నీ ఎన్నికకు ఏళ్ళ ముందే రాసి పెట్టింది. అయినా పార్టీలు తమ పని తాము చేశాయి. రీకౌంటింగ్ నవంబరు 19న మొదలయింది. ఏదైనా పత్రాన్ని సవాలు చేస్తే అది తాత్కాలికంగా లెక్కలోంచి పక్కకు పోతుంది. దాంతో ఎదుటివారి ఓట్లను సవాలు చేయడమే ప్రతి సాయంత్రం పత్రికల్లో తమ ఆధిక్యం బాగా కనబడే మార్గమని ఇరుపక్షాలకూ అర్థమయింది. ఒకరు వంద చేస్తే మరొకరు నూటయాభై. చివరికి సవాలు చేసిన పత్రాలు ఆరున్నర వేలు దాటాయి. నిండుగా, నల్లగా, తిరుగులేకుండా నింపిన సున్నాలు కూడా వాటిలో ఉన్నాయి.

వాటిని తేల్చే బాధ్యత అయిదుగురు సభ్యుల బోర్డుది. అధ్యక్షుడు రాష్ట్ర కార్యదర్శి మార్క్ రిచీ, డెమోక్రాట్. మిగిలిన నలుగురూ న్యాయమూర్తులు, వారిలో రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి ఎరిక్ మాగ్నసన్‌తో సహా ఇద్దరిని నియమించింది రిపబ్లికన్ గవర్నరు. డిసెంబరు 16న వారు బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో పత్రాన్నీ చేతికి తీసుకుని చూశారు. అదంతా ప్రత్యక్ష ప్రసారమైంది. స్టార్ ట్రిబ్యూన్ పత్రిక వివాదంలో ఉన్న పత్రాల ఫోటోలను అంతర్జాలంలో పెట్టి, మీరైతే ఎవరికి ఇస్తారని పాఠకులను అడిగింది. పత్రం మీద ఫ్రాంకెన్ సున్నా నింపి, కింద ఖాళీలో ‘బల్లి మనుషులు’ అని రాసిన ఓటరు ఒకరున్నారు. బల్లి మనుషులు అభ్యర్థి కాదు కనుక ఓటు ఫ్రాంకెన్‌దేనని ఆయన న్యాయవాది వాదించారు. పేరు రాయడం కూడా ఓటే, కనుక ఇవి రెండు ఓట్లని బోర్డు తేల్చి పత్రాన్ని కొట్టేసింది. అమెరికా అంతా నవ్వుకుంది. ఆ నవ్వులో ఒక మేలు కూడా ఉంది. పత్రం అందరి కళ్ళ ముందూ ఉంది, నియమం అందరికీ తెలుసు, నిర్ణయం నచ్చనివారు కూడా అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడగలిగారు.

బోర్డు పని ముగిసేసరికి ఆధిక్యం తారుమారై ఫ్రాంకెన్ 49 ఓట్లతో ముందుకు వచ్చారు. బోర్డు నిర్ణయాల్లో అత్యధిక భాగం ఏకగ్రీవమే. మినియాపొలిస్‌లో ఒక పోలింగ్ కేంద్రానికి చెందిన 133 పత్రాలు కనబడకుండా పోయిన సందర్భం మాత్రం చట్టం ముందే ఊహించనిది. పోలింగ్ రాత్రి యంత్రం చూపిన లెక్కనే అక్కడ తీసుకున్నారు.

అసలు యుద్ధం ఆ తరువాత జరిగింది. ఈసారి రంగం మారింది. పోస్టులో వచ్చి, సంతకం కలవలేదనో సాక్షి సరిగా లేడనో తిరస్కరించిన సుమారు 12 వేల కవర్లు ఉన్నాయి. డిసెంబరులో వెనకబడి ఉన్న ఫ్రాంకెన్ వాటిలో తప్పుగా తిరస్కరించినవి తెరవాలన్నారు, ముందున్న కోల్‌మన్ తిరస్కరించినవాటి జోలికి వెళ్ళవద్దన్నారు. ఇరుపక్షాలూ ఒప్పుకున్న 933 కవర్లను జనవరి 3న తెరిచి లెక్కిస్తే ఫ్రాంకెన్ ఆధిక్యం 225 అయింది. అంతే, కోల్‌మన్ కోర్టుకు వెళ్ళి వేల కవర్లు తెరవాలన్నారు, ప్రతి ఓటరుకూ న్యాయం జరగాలన్నారు. ఫ్రాంకెన్ న్యాయవాదులు నియమాన్ని అక్షరాలా పాటించాలన్నారు. ఎనిమిదేళ్ళ కిందట రిపబ్లికన్లను గెలిపించిన బుష్ తీర్పులోని సమానత్వ వాదాన్నే కోల్‌మన్ పట్టుకున్నారు, ఆ తీర్పును ద్వేషించిన పార్టీ దానికి ఎదురు వాదించింది. ముగ్గురు న్యాయమూర్తుల కోర్టు వారాల విచారణ తరువాత 351 కవర్లు తెరవమంది. ఏప్రిల్ 7న తెరిచారు. వాటిలో 198 ఫ్రాంకెన్‌కు, 111 కోల్‌మన్‌కు. ఫ్లోరిడా పాఠమే మళ్ళీ: కోర్టుకు వెళ్ళి తెరిపించుకున్న కవర్లు ఆయననే మరింత వెనక్కి నెట్టాయి. తుది లెక్క 1,212,629, 1,212,317. తేడా 312.

రాష్ట్ర సుప్రీంకోర్టు 2009 జూన్ 30న ఏకగ్రీవంగా ఫ్రాంకెన్ గెలుపును ఖాయం చేసింది. బోర్డులో కూర్చున్న ఇద్దరు న్యాయమూర్తులు ఆ విచారణ నుంచి తప్పుకున్నారు. కోల్‌మన్ అదే రోజు ఓటమిని ఒప్పుకున్నారు. దాదాపు ఆరు నెలలు మినెసోటాకు ఒకే సెనెటర్. ఫ్రాంకెన్ రాకతో డెమోక్రాట్ల బలం 60కి చేరింది. అదే సంవత్సరం డిసెంబరు 24న ఒబామా ఆరోగ్య బీమా బిల్లు సెనెట్‌లో 60-39తో నెగ్గింది. ఆ 312 ఓట్ల బరువు అంత.

భారతదేశంలో ఈ తగవులు చాలావరకు యంత్రాల రాకతో మాయమయ్యాయి. మీట నొక్కిన తరువాత గీతకు అర్థం వెతకవలసిన పని లేదు. యంత్రం మీద నమ్మకం అన్నది వేరే తగవు. పాతతరం కౌంటింగ్ ఏజెంట్లను అడిగితే మాత్రం ముద్రల కథలు బోలెడు చెబుతారు. పత్రాన్ని అడ్డంగా మడిస్తే సిరా ఆరక ముందే ముద్ర రెండో గుర్తు మీద అచ్చు పడేది. అసలు ముద్ర ఏది, దాని నీడ ఏది అని బల్లల మీద వాదనలు జరిగేవి. దీనికీ నియమం ఉంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56వది, ముద్ర అస్పష్టంగా ఉందనో ఒకటికి మించి సార్లు పడిందనో మాత్రమే పత్రాన్ని తిరస్కరించరాదని, ఓటరు ఫలానా అభ్యర్థికే వేయదలచుకున్నట్టు స్పష్టంగా కనబడితే చాలని చెబుతోంది. ఓటరును గుర్తుపట్టే రాత ఉంటే మాత్రం చెల్లదు. మినెసోటా చట్టం చెప్పేదీ సరిగ్గా ఇదే. అనకాపల్లి లోక్‌సభ స్థానంలో 1989లో కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్లతో గెలిచిన నాటికి ఈ ముద్రలే ఓట్లు. తెలుగు రాష్ట్రాల పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ అవే. పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాల్లో ముద్రకు బదులు ప్రాధాన్య క్రమంలో అంకె వేయాలి. అక్కడ వేల ఓట్లు చెల్లకుండా పోతుంటాయి. డిగ్రీ చదివినవారు ఒకటి అంకె వేయలేకపోవడం మీద ప్రతిసారీ నాలుగు జోకులు పుడతాయి, నమూనా పత్రం చూపి నేర్పేవారు మాత్రం కనబడరు.

యంత్రాల కాలంలోనూ కాగితం మిగిలిన చోటు పోస్టల్ బ్యాలెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికలప్పుడు ఫ్లోరిడా గాలి కొంచెం ఇటు వీచింది. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు పోస్టల్ బ్యాలెట్‌తో పాటు 13ఏ అనే ధ్రువీకరణ పత్రం జతచేయాలి, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం చేసి పేరు, హోదా, ముద్ర వేయాలి. ఫెసిలిటేషన్ కేంద్రాల్లో కూర్చున్న అధికారులు కొన్నిచోట్ల సంతకం పెట్టి ముద్ర మరిచారు. పోలింగ్ మే 13న ముగిసింది. సంతకం ఉంటే చాలు, పేరూ ముద్రా లేవని తిరస్కరించవద్దని మే నెలాఖరులో ఎన్నికల సంఘం నుంచి స్పష్టత వచ్చింది. ఉద్యోగి తన పని తాను చేశాడు, అధికారి మరపుకు అతని ఓటును శిక్షించకూడదని తెలుగుదేశం వాదన. ఇది మునుపటి మార్గదర్శకాలకు విరుద్ధమని, ఒక్క ఈ రాష్ట్రానికే ఇలా సడలించడమేమిటని వైఎస్సార్ కాంగ్రెస్ హైకోర్టుకు వెళ్ళింది. జూన్ 1న హైకోర్టు జోక్యానికి నిరాకరించి, ఫలితాల తరువాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చంది. జూన్ 3న సుప్రీంకోర్టూ కాదంది. మర్నాడే లెక్కింపు.

రెండు పార్టీలూ ఒక్కటే ఊహించుకున్నాయి, ఉద్యోగుల ఓట్లు అప్పటి ప్రభుత్వానికి వ్యతిరేకమని. ఆ ఊహ లేకపోతే ముద్ర లేని 13ఏ మీద ఇంత న్యాయశాస్త్రం పుట్టేది కాదు. ఉద్యోగులు అప్పటి అధికార పక్షానికి అనుకూలమని అందరూ నమ్మి ఉంటే ఎవరు ముద్ర కావాలనేవారో, ఎవరు ఉద్యోగి హక్కు అనేవారో మినెసోటా చూసినవారికి చెప్పనక్కరలేదు. నిర్ణయంలోని సారం సరైనదే: ఓటరు చేతిలో లేని లోపానికి ఓటరు ఓటు పోకూడదు. వచ్చిన సమయం మాత్రం సరైనది కాదు. ఆ మాట పోలింగ్‌కు ముందు, అన్ని రాష్ట్రాలకూ కలిపి చెప్పి ఉంటే దానికి రాజకీయ రంగు అంటేది కాదు. ఓట్లు పడ్డాక, లెక్కింపుకు కొద్ది రోజుల ముందు చెప్పడంతో మంచి నియమం కూడా ఒకరికి వరంలా, మరొకరికి కుట్రలా కనిపించింది. చివరికి 175 స్థానాల్లో 164 ఒకే కూటమికి రావడంతో ఆ కవర్ల సంగతి అందరూ మరిచిపోయారు. పెద్ద మెజారిటీ వివాదాన్ని పరిష్కరించదు, కప్పిపెడుతుంది. ఆ నియమాన్ని ముందుగానే తీర్చిదిద్దుకునే పని మాత్రం తరువాతి ఎన్నికకు అలాగే మిగిలి ఉంటుంది.

లెక్కించేవాడే గీత గీస్తే ఏమవుతుందో అదే సంవత్సరం చండీగఢ్ చూపించింది. జనవరి 30న మేయర్ ఎన్నికలో పోలైనవి 36 ఓట్లే. ప్రిసైడింగ్ అధికారి వాటిలో ఎనిమిది చెల్లవని ప్రకటించడంతో ఆప్, కాంగ్రెస్‌ల ఉమ్మడి అభ్యర్థి కుల్‌దీప్ కుమార్ 12-16తో బీజేపీ అభ్యర్థి చేతిలో ఓడారు. ఆ అధికారి పత్రాల మీద ఏదో రాస్తున్న దృశ్యం కెమెరాలో పడింది. సుప్రీంకోర్టు ఆ పత్రాలను ఢిల్లీకి తెప్పించుకుని చూసింది. ఎనిమిదీ కుల్‌దీప్ కుమార్‌కు వేసినవే. ఫిబ్రవరి 20న ఆయననే మేయరుగా ప్రకటించింది. ఇక్కడ ఓటరు ఉద్దేశం మీద సందేహమే లేదు, సందేహాన్ని తయారుచేసి పత్రం మీద పెట్టారు. కెమెరా లేకపోతే అది మరో ఎనిమిది చెల్లని ఓట్ల కథగా ముగిసేది.

మూడు వారాల్లో తేలిన చండీగఢ్ మినహాయింపు. మన దేశంలో రీకౌంటింగ్ కావాలంటే లెక్కింపు బల్ల దగ్గరే కారణాలు రాసి రిటర్నింగ్ అధికారికి ఇవ్వాలి, ఆయన కాదంటే 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి. ఓటు రహస్యాన్ని చెదరగొట్టరాదన్న జాగ్రత్తతో, గట్టి ఆధారం లేనిదే కోర్టులు పెట్టెలు తెరిపించవు. ఆ జాగ్రత్త సబబైనదే, దాని ధర కాలం. తెలంగాణలోని ధర్మపురిలో 2018 డిసెంబరులో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు. లెక్కింపులో తేడాలు జరిగాయంటూ కాంగ్రెస్ అభ్యర్థి అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టుకు వెళ్ళారు. రికార్డుల కోసం స్ట్రాంగ్ రూమ్ తెరవాలని కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో అధికారులు అందరి సమక్షంలో తలుపు దగ్గరికి వెళితే తాళంచెవులు కనబడలేదు. మళ్ళీ కోర్టు అనుమతి తీసుకుని తాళాలు పగలగొట్టారు. అప్పటికి ఆ శాసనసభకు మిగిలిన ఆయుష్షు కొద్ది నెలలే. అదే ఏడాది డిసెంబరులో కొత్త ఎన్నిక ఫలితం వచ్చింది, ధర్మపురిలో లక్ష్మణ్ కుమార్ గెలిచారు.